శామ్ బీమ్ కలిసి చేసిన నాలుగు ఆల్బమ్‌లు: వినైల్ మీద మొదట ఏది కొనాలి?

కొత్తగా టర్న్‌టేబుల్ కొన్న స్నేహితులు నన్ను ఇంచుమించు ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "ఇంగ్లీషులో ఒక మంచి రికార్డు చెప్పు. అలమరలో పెట్టుకోవడానికి కాదు, కూర్చుని వినడానికి." చాలా ఏళ్ళుగా నా జవాబు మారలేదు: ఐరన్ అండ్ వైన్ పేరుతో పాడే శామ్ బీమ్, కలెక్సికో అనే బృందం కలిసి 2005లో చేసిన "ఇన్ ది రెయిన్స్" (ఇక్కడ "రెయిన్స్" అంటే వానలు కాదు, గుర్రపు పగ్గాలు). అయితే ఈ పేరు వినగానే వాళ్ళు ఇంటర్నెట్‌లో వెతుకుతారు, అదే గాయకుడు ఇంకొకరితో కలిసి చేసిన మరో మూడు ఆల్బమ్‌లు కనిపిస్తాయి, మళ్ళీ ఫోన్ చేస్తారు. వాటిలో రెండు తేలిగ్గా దొరుకుతాయి కూడా. వాటిని వదిలేసి దీన్నే ఎందుకు కొనాలి? ఎవరికి ఇది కాకుండా వేరేది నప్పుతుంది? తీరిగ్గా చెబుతాను.

ముందు మనిషి గురించి. ఐరన్ అండ్ వైన్ అంటే బృందం కాదు, శామ్ బీమ్ అనే ఒక్కడు పెట్టుకున్న పేరు. అమెరికాలోని సౌత్ కరోలినాలో 1974లో పుట్టాడు. సినిమా చదువు చదివి, మయామీలో సినిమాటోగ్రఫీ పాఠాలు చెప్పేవాడు. ఒక షూటింగ్ సమయంలో పల్లెటూరి దుకాణంలో "బీఫ్, ఐరన్ అండ్ వైన్" అనే టానిక్ సీసా చూశాడట, పేరు అక్కడి నుంచే వచ్చింది. 2002లో వచ్చిన మొదటి ఆల్బమ్ ఇంట్లో నాలుగు ట్రాకుల రికార్డర్ మీద చేసినదే. 2008 నాటి "ట్వైలైట్" సినిమా చూసినవాళ్ళకి చివర్లో డాన్స్ సన్నివేశం వెనక వచ్చే మెత్తని పాట గుర్తుంటుంది, అది ఇతనిదే.

గొంతు చాలా తగ్గు స్థాయిలో ఉంటుంది, పక్కన కూర్చుని చెవిలో చెబుతున్నట్టు. మాటల్లో మాత్రం చాలా బరువు ఉంటుంది. కుక్కలు, గుర్రాలు, నదులు, అమ్మలు, చావు, పొలం గట్టు, ఆదివారం చర్చి. ఏ పాటా కథని నేరుగా చెప్పదు. నాలుగైదు దృశ్యాలు వరసగా చూపించి ఆగిపోతుంది. కెమెరాతో పని చేసినవాడు కాబట్టి అలా రాస్తాడని నాకు అనిపిస్తుంది.

ఇలాంటి ఒంటరి గొంతు ఇంకొకరితో కలిస్తే ఏమవుతుంది? నాలుగు ఆల్బమ్‌లలోనూ ఈ ప్రశ్నకి నాలుగు వేర్వేరు జవాబులు ఉన్నాయి. మన కచేరీల భాషలో చెబితే, "ఇన్ ది రెయిన్స్" గాత్రానికి గొప్ప పక్కవాద్యం కుదిరిన కచేరీ. 2019 నాటి "ఇయర్స్ టు బర్న్" అదే మనుషులు పద్నాలుగేళ్ళ తర్వాత సమానంగా కూర్చుని చేసిన జుగల్‌బందీ. 2016లో జెస్కా హూప్‌తో చేసిన "లవ్ లెటర్ ఫర్ ఫైర్" మొదటి నుంచి చివరి దాకా యుగళగీతాలే. 2015లో బెన్ బ్రిడ్‌వెల్‌తో చేసిన "సింగ్ ఇంటూ మై మౌత్" ఇద్దరు పాత స్నేహితులు తమకి నచ్చిన ఇతరుల పాటలు పాడుకున్న సాయంత్రం. మీకు ఏ రకం కచేరీ ఇష్టమో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

"ఇన్ ది రెయిన్స్" దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

కలెక్సికో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరానికి చెందిన బృందం. జోయీ బర్న్స్, జాన్ కన్వర్టీనో దీనికి ప్రాణం. బృందం పేరు కాలిఫోర్నియా, మెక్సికో సరిహద్దులో ఉన్న ఒక చిన్న ఊరిది. సంగీతం కూడా సరిహద్దుదే: ఎడారి గిటారు, మెక్సికో మరియాచీ బాకాలు, బ్రష్షులతో మెత్తగా వాయించే డ్రమ్స్, సాగుతూ ఏడ్చే పెడల్ స్టీల్ గిటారు. శామ్ తన పాటలు తీసుకుని టూసాన్ వెళ్ళాడు. అక్కడి వేవ్‌ల్యాబ్ స్టూడియోలో రికార్డు చేశారు. ఓవర్‌కోట్ అనే చిన్న సంస్థ 2005 సెప్టెంబరులో విడుదల చేసింది. ఏడే పాటలు. అన్నీ శామ్ రాసినవే.

మొదటి పాట "హీ లేస్ ఇన్ ది రెయిన్స్". పేరుకి తగ్గట్టే పగ్గాలు, గుర్రం, అలసట. శామ్ ఎప్పటిలాగే గొంతు తగ్గించి పాడుతుంటాడు. సగంలో ఉన్నట్టుండి సాల్వడార్ డురాన్ అనే గాయకుడి నిండైన గొంతు స్పానిష్‌లో లేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి వాల్యూమ్ చూసుకున్నాను. నిశ్శబ్దంగా ఉన్న ఇంటి తలుపు ఎవరో తెరిస్తే బయట ఉన్న ఎడారంతా లోపలికి వచ్చినట్టు ఉంటుంది. ఆ గొంతు ఆగాక శామ్ మళ్ళీ అదే తగ్గు స్థాయిలో అందుకుంటాడు. పాడేవాళ్ళలో ఎవరూ ఇంకొకరిని మింగేయాలని చూడరు. కలిసి చేసిన సంగీతంలో నేను వెతికేది ఇదే.

రెండో పాట "ప్రిజన్ ఆన్ రూట్ 41". ఇంటిల్లిపాదీ జైల్లో ఉన్న ఒకడు, తాను మాత్రం ప్రేమించిన మనిషి వల్ల బయట మిగిలానని చెప్పుకుంటాడు. పల్లె పాటలా నడుస్తుంది. "ఎ హిస్టరీ ఆఫ్ లవర్స్" బాకాలతో హుషారుగా సాగుతుంది, మాటలు పట్టించుకుంటే మాత్రం లోపల చీకటి ఉంటుంది. "రెడ్ డస్ట్"లో బృందం పగ్గం వదులుతుంది. "సిక్స్‌టీన్, మేబీ లెస్" పదహారేళ్ళ నాటి ప్రేమని పెద్దయ్యాక తలచుకోవడం. ఆ వయసులో ఉత్తరం రాసి ఇవ్వకుండా దాచుకున్న ఎవరైనా ఆ పాటని రెండోసారి కూడా వేస్తారు. "బర్న్ దట్ బ్రోకెన్ బెడ్"లో బాకా చాలా దూరం నుంచి వస్తుంది. ఇక ఆఖరి పాట "డెడ్ మ్యాన్స్ విల్". చనిపోయినవాడు తన వస్తువుల్ని ఎవరెవరికి ఇవ్వాలో చెబుతాడు. ఆస్తులేమీ లేవు, చిన్న చిన్న వస్తువులే. వాటి వెంట బతికుండగా చెప్పలేకపోయిన మాటలు వస్తాయి. మా నాన్నగారు పోయాక ఆయన పెట్టె తెరిచిన రోజున నాకు ఈ పాటే గుర్తొచ్చింది. అప్పటి నుంచి దీన్ని పని చేసుకుంటూ వినలేను.

వినైల్ మీద ఇది ఎందుకు బాగుంటుందో చెప్పడానికి కాస్త లెక్క అవసరం. 12 అంగుళాల ఎల్పీ (పెద్ద వినైల్ రికార్డు) నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. ఒక సైడ్‌లో 18 నుంచి 22 నిమిషాల దాకా సుఖంగా పడుతుంది. అంతకు మించి నింపితే గాడులు, అంటే సూది నడిచే దారులు, దగ్గర దగ్గరగా కోయాలి, దాని కోసం శబ్దం స్థాయి, ముఖ్యంగా బాస్, తగ్గించాలి. స్థాయి తగ్గితే చిటపటలు పైకి తేలతాయి. గుసగుసలా పాడే గాయకుడికి ఇది పెద్ద ఇబ్బంది. "ఇన్ ది రెయిన్స్" మొత్తం అరగంట లోపే. సగటున ఒక్కో సైడ్‌కి పదిహేను నిమిషాలు కూడా రావు. గాడికి కావలసినంత చోటు ఉంటుంది. సీడీ రోజుల్లో "ఇంత చిన్నదా" అని దీన్ని తక్కువ చేసినవాళ్ళని చూశాను. ఎల్పీకి ఆ పొట్టితనమే మేలు.

ఇంకో సంగతి. సూది బయటి అంచున ఉన్నప్పుడు దాని కింద సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్ల గాడి జారిపోతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకి పడిపోతుంది. అంటే లోపలి పాటల్లో అదే శబ్దాన్ని తక్కువ చోటులో ఇరికించాలి. అందుకే సైడ్ చివర్లో పెద్ద శబ్దం ఉన్న పాట వస్తే గరగరలాడుతుంది. ఈ ఆల్బమ్ ముగింపు పాట నెమ్మదైనది, మెత్తనిది. ఎల్పీలో ఆఖరి పాట ఎలా ఉండాలో సరిగ్గా అలా ఉంది.

ఇప్పుడు "ఇయర్స్ టు బర్న్". 2019 జూన్‌లో సబ్ పాప్ సంస్థ విడుదల చేసింది. ఈసారి టూసాన్ కాదు, నాష్‌విల్. పద్నాలుగేళ్ళలో అందరికీ వయసు పెరిగింది, పిల్లలు పెరిగారు, ఆ బరువు పాటల్లో తెలుస్తుంది. పాటలు చాలావరకు శామ్‌వే అయినా "మిడ్‌నైట్ సన్" జోయీ బర్న్స్ తెచ్చిన పాట. "అవుట్‌సైడ్ ఎల్ పాసో" చిన్న వాద్య సంగీతం. "ది బిట్టర్ సూట్" మూడు భాగాలుగా ఎనిమిది నిమిషాల దాకా నడుస్తుంది, దాని మొదటి భాగం స్పానిష్. ఈ ఆల్బమ్‌కి గ్రామీలలో ఉత్తమ అమెరికానా (అమెరికా జానపద, కంట్రీ మూలాలున్న సంగీతం) ఆల్బమ్ నామినేషన్ వచ్చింది, "ఫాదర్ మౌంటెన్" పాటకి విడిగా ఇంకొకటి.

ఇందులో వాయిద్యం ఇంకా స్వేచ్ఛగా ఉంటుంది. రాగం అందుకున్నాక పక్కవాద్యం కళాకారుడు కూడా తన మనోధర్మం చూపిస్తే మీకు ఇష్టమా? జాజ్, లేదా మన కచేరీలో తనియావర్తనం కోసం ఎదురుచూసే అలవాటు ఉందా? అయితే మీరు ముందు దీన్నే కొనండి, నేను అడ్డు చెప్పను. ఇది కూడా పొట్టిదే, ముప్పై నిమిషాల పైచిలుకు, ఎల్పీ మీద హాయిగా పడుతుంది. పెద్ద సంస్థ విడుదల, కొత్త కాపీ దొరకడం తేలిక. నాకు ఉన్న ఒకే అసంతృప్తి ఏమిటంటే, మొదటి ఆల్బమ్‌లో ఏడు పాటలూ ఏడు బొమ్మల్లా గుర్తుండిపోతాయి. ఇందులో మూడు నాలుగు అలా నిలబడతాయి, మిగతావి వాతావరణంగా మిగులుతాయి. "ఫాదర్ మౌంటెన్", పేరు పాట, ముగింపు పాట "ఇన్ యువర్ ఓన్ టైమ్" మాత్రం ఎప్పుడు విన్నా బాగుంటాయి.

"లవ్ లెటర్ ఫర్ ఫైర్" సంగతి వేరు. జెస్కా హూప్ కాలిఫోర్నియాలో పుట్టి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడిన గాయని, తనంతట తానే గొప్ప పాటల రచయిత. పాటలు ఇద్దరూ కలిసి రాశారు, ఇద్దరూ కలిసి పాడారు. పోర్ట్‌లాండ్‌కి చెందిన టకర్ మార్టీన్ నిర్మాత. విల్కో బృందంలో డ్రమ్స్ వాయించే గ్లెన్ కాట్చీ ఇందులో తాళం పట్టాడు. పదమూడు పాటలు. ఇద్దరి మధ్య ప్రేమ, అలక, వెళ్ళిపోవడం, తిరిగి రావడం. జెస్కా గొంతు ఊహించని మలుపులు తిరుగుతుంది. శామ్ గొంతు నేలలా ఉంటే ఆమెది దాని మీద ఎగిరే పిట్ట. "ఎవ్రీ సాంగ్‌బర్డ్ సేస్" విన్నవాళ్ళకి నేను ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

యుగళగీతాలు ప్రాణంగా పెరిగిన తెలుగువాళ్ళం మనం. ఇంట్లో ఇద్దరూ కలిసి వినడానికి, లేదా పెళ్ళి రోజుకి బహుమతిగా ఇవ్వడానికి ఈ నాలుగింటిలో ఇదే తగినది. నా చెల్లెలికి నేను ఇచ్చింది ఇదే, "ఇన్ ది రెయిన్స్" కాదు. చావు పాటతో ముగిసే రికార్డుని ఎవరూ పెళ్ళి రోజుకి ఇవ్వరు కదా.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. రెండు గొంతులు ఒకదానికొకటి ఇంత దగ్గరగా పాడినప్పుడు "స", "ష" లాంటి శబ్దాలు గాడిలో పదునుగా పడతాయి. కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) సరిగ్గా అమర్చకపోతే, లేదా చవక ప్లేయర్ మీద వేస్తే, అవి చీరుకుపోతున్నట్టు వినిపిస్తాయి. రికార్డు చెడ్డదని మీరు అనుకుంటారు, తప్పు అమరికది. మీ ప్లేయర్‌లో సూది కోణం, బరువు సరిచేసుకునే వీలుంటేనే దీన్ని ఎల్పీగా కొనండి. లేకపోతే డిజిటల్‌లో వినడమే మంచిది.

"సింగ్ ఇంటూ మై మౌత్" గురించి రెండు మాటలు చాలు. బెన్ బ్రిడ్‌వెల్ "బ్యాండ్ ఆఫ్ హార్సెస్" గాయకుడు, ఇతనూ సౌత్ కరోలినా వాడే. టాకింగ్ హెడ్స్ బృందం నుంచి షాడే దాకా ఇతరుల పాటలు పన్నెండు. ఆల్బమ్ పేరు కూడా టాకింగ్ హెడ్స్ పాటలోని మాటే. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక వేసుకుంటే బాగుంటుంది. కానీ శామ్ బీమ్‌ని మీరు వెతుకుతున్నది అతని రాత కోసం. ఇందులో ఆ రాత లేదు. మిగతా మూడూ మీ దగ్గర ఉంటే నాలుగోదిగా తీసుకోండి.

ఇక కొనడం. మన దగ్గర ఇవన్నీ దిగుమతి సరుకే, ఒక్కో రికార్డు వేలల్లో ఉంటుంది, రవాణా, సుంకం కలిస్తే ఇంకా పెరుగుతుంది. అందుకే ఒకటి రెండు మాటలు.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో చుట్టాలు ఉన్నవాళ్ళు వాళ్ళు వచ్చేటప్పుడు తెప్పించుకోవడం మామూలే. అది మంచి దారి, కానీ ఒక షరతు మీద: రికార్డుని చెకిన్ పెట్టెలో బట్టల మధ్య అడ్డంగా పడేసి తేవద్దని చెప్పండి. గట్టి అట్టల మధ్య పెట్టి, చేతి సంచిలో నిలువుగా తెస్తే వంగదు. పోస్టులో తెప్పించేటట్టయితే ఏప్రిల్, మే నెలలు వదిలేయండి. నాకు ఒకసారి మే నెలలో పాత కాపీ ఒకటి వచ్చింది. పార్సిల్ ఎండలో ఎక్కడ ఎంతసేపు ఉందో తెలియదు, రికార్డు అప్పడంలా లేచిపోయింది. అమ్మినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ డబ్బు కన్నా, ఆ కాపీ పాడైపోయిందన్న బాధే ఎక్కువ రోజులు ఉంది.

"180 గ్రాముల వినైల్" అని కవరు మీద స్టిక్కర్ చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. బరువైన రికార్డు చేతికి బాగుంటుంది, వంగడం కొంత తక్కువ. శబ్దం మాత్రం ఏ టేపు నుంచి, ఎవరు గాడి కోశారు, ఎంత శుభ్రంగా అచ్చు వేశారు అన్నదాన్ని బట్టే ఉంటుంది. రంగు వినైల్ కూడా అంతే. సబ్ పాప్ వాళ్ళు కొన్ని విడుదలల మొదటి కాపీలని "లూజర్ ఎడిషన్" పేరుతో రంగులో ఇస్తుంటారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. దొరికితే తీసుకోండి, దొరక్కపోతే దాని కోసం రెట్టింపు ధర పెట్టకండి. నల్లదానిలో వినిపించే పాటే అందులోనూ వినిపిస్తుంది.

"ఇన్ ది రెయిన్స్" చిన్న సంస్థ విడుదల చేసినది కాబట్టి అన్ని దుకాణాల్లో ఎప్పుడూ ఉండదు. పాత కాపీ కొనాల్సి రావచ్చు. అప్పుడు రికార్డు ఎంత బాగుందో చెప్పే గ్రేడు చూడండి. "నియర్ మింట్" (దాదాపు కొత్తది) అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు, "వీజీ ప్లస్" అయితే ఫొటోలు అడిగి తీసుకోండి. ఉత్త "వీజీ" అంటే పేరులో "వెరీ గుడ్" ఉన్నా, పాటంతా చిటపటలు వింటూ ఉండటమే. గట్టిగా వాయించే రాక్ ఆల్బమ్‌కి అది సరిపెట్టుకోవచ్చు. ఇలాంటి మెత్తని సంగీతానికి కుదరదు.

ఇంట్లో నాన్నగారి కాలం నాటి హెచ్.ఎం.వి. ఫియెస్టా ప్లేయర్ ఉన్నవాళ్ళు కొందరు దాని మీదే వేద్దామనుకుంటారు. నాకూ ఆ పెట్టె అంటే ప్రేమే, మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కానీ దాని చేయి రికార్డు మీద చాలా బరువుగా కూర్చుంటుంది. కొత్త రికార్డుని కొన్ని సార్లలోనే అరగదీస్తుంది. పాత తెలుగు పాటల రికార్డులకి దాన్ని ఉంచండి. సూట్‌కేసులా మడిచే చవక కొత్త ప్లేయర్లతోనూ ఇలాంటి ఇబ్బందే. సూది బరువు రెండు గ్రాముల దగ్గర సరిచేసుకోగలిగే టర్న్‌టేబుల్, దాని సన్నని సిగ్నల్‌ని పెంచే ఒక ఫోనో ప్రీయాంప్, ఒక మంచి స్పీకర్ల జత ఉంటే చాలు. అంత బడ్జెట్ ఇప్పుడు లేదంటే రికార్డు కొని దాచుకోండి, పాటలు స్ట్రీమింగ్‌లో వినండి. ప్లేయర్ వచ్చాక మొదటిసారి వేసుకోవచ్చు. వర్షాకాలంలో మాత్రం లోపలి కాగితం కవరు తేమ పట్టకుండా చూడండి. కోస్తా ఊళ్ళలో బూజు రికార్డు గాడిలోకి కూడా పాకుతుంది. లోపలి కాగితం తీసేసి ప్లాస్టిక్ పొర ఉన్న కవరు వాడితే ఆ బెంగ తగ్గుతుంది.

రెండు రికార్డులకి డబ్బు ఉందంటే "ఇన్ ది రెయిన్స్", "లవ్ లెటర్ ఫర్ ఫైర్" తీసుకోండి, రెండు కలెక్సికో ఆల్బమ్‌లూ కాదు. ఒకే మనిషి రెండు రకాల తోడులో ఎలా మారతాడో అప్పుడు తెలుస్తుంది. మొదటి దాంట్లో చుట్టూ ఎడారి, రెండో దాంట్లో ఎదురుగా ఒకే ఒక్క గొంతు. మూడోదిగా "ఇయర్స్ టు బర్న్" కొన్నప్పుడు పాత స్నేహితుల్ని చాలా కాలానికి కలిసినట్టు ఉంటుంది. ఆ సంతోషం కలగాలంటే ముందు మొదటిదాన్ని బాగా విని ఉండాలి.

కాపీ ఇంటికి వచ్చిన రోజు కవరు తీసి, మెత్తని కార్బన్ బ్రష్‌తో దుమ్ము తుడిచి, నేరుగా రెండో సైడ్ ఆఖరి పాట మీద సూది పెట్టండి. "డెడ్ మ్యాన్స్ విల్" అంత నిశ్శబ్దమైన పాట, లోపలి గాడిలో ఉన్న పాట ఈ రికార్డులో ఇంకొకటి లేదు. గీత ఉన్నా, దుమ్ము ఉన్నా, అమరిక తప్పినా అక్కడే బయటపడుతుంది. పాట శుభ్రంగా వినిపిస్తే, ఆ కాపీ ఉంచుకోండి. అప్పుడు రికార్డు తిప్పి, మొదటి సైడ్ నుంచి వినండి.